బావిలో వేలాడుతున్న పాలడిన్

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. నాకు 36 ఏళ్ళు, మియాపూర్‌లో ఉంటాం. నేనూ మా ఆవిడా ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. పాపకి మూడో ఏడు. ఆరేళ్ళుగా శనివారం సాయంత్రాలు మా ఇంట్లో ఐదుగురు స్నేహితులకి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తున్నాను. కథ నడిపే డీఎం (డంజన్ మాస్టర్) నేనే. ఆరున్నరకి మొదలైతే లేచేసరికి పదిన్నర. వారంలో నాలుగు రాత్రులు గంటన్నర చొప్పున తయారీకి కూర్చుంటాను. నాకు తాగుడు లేదు, తిరుగుళ్ళు లేవు, ఉన్న సరదా ఇదొక్కటే. ఈమధ్య ప్రతి వారం ఎవరో ఒకరు రాలేమంటున్నారు, ఆట వాయిదా పడుతోంది. నేను మాత్రం తయారీ ఆపలేదు. ఆరు వారాలుగా మా పాలడిన్ ఒక పాడుబావిలో తాడు పట్టుకుని వేలాడుతూనే ఉన్నాడు. మొన్న మా ఆవిడ "ఆ ఆటలో గోబ్లిన్ భూతం చెప్పినా వింటావు, నేను చెప్తే మాత్రం వినపడదు" అంది. మా అమ్మేమో ఇంట్లో పాచికలేమిటి, అది జూదం అంటుంది. ఆట మానెయ్యాలా? మా ఆవిణ్ని కూడా ఆటలో కూర్చోబెడితే సర్దుకుంటుందా? ఇంటి పనులకి పాయింట్లు, లెవెళ్ళు పెట్టి ఇంటినే ఒక ఆటలా నడిపితే ఎలా ఉంటుందనీ అనుకుంటున్నాను.
ఒక డీఎం, హైదరాబాద్

జవాబు: ఈ ఆట తెలియని పాఠకులకి ముందు రెండు ముక్కలు. ఐదారుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషే డీఎం. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర: ఒకడు దొంగ, ఒకావిడ మాంత్రికురాలు, ఇంకొకడు పాలడిన్, అంటే దేవుడి పేర కత్తి పట్టిన వీరుడు. "తలుపు అవతల ఎవరో గొణుగుతున్నారు, ఏం చేస్తారు?" అని డీఎం అడుగుతాడు. వాళ్ళు చేస్తామన్న పని అవుతుందో కాదో తెలియనప్పుడు ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తారు. ఓడేవాళ్ళుండరు, డబ్బులు పెట్టేవాళ్ళుండరు. ఒక్కో కథ ఏళ్ళ తరబడి సాగుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరు. అక్కడి గ్యారీ గైగాక్స్, పక్క రాష్ట్రం మిన్నెసోటాలో ఉండే డేవ్ ఆర్నెసన్ కలిసి అల్లిన ఆట ఇది. 1974లో బయటికొచ్చింది. మొదటి విడత వెయ్యి పెట్టెలు, పెట్టె పది డాలర్లు.

నేను 1999లో మిల్వాకీలో ఎం.ఎస్. చదువుతుండగా, మంచు కురిసే ఒక శుక్రవారం నాడు క్లాస్‌మేట్ ఒకడు "మా గుంపులో గాయాలు మాన్పే పూజారి వేషానికి ఎవరూ ఒప్పుకోవట్లేదు, వచ్చి కూర్చో" అని లాక్కెళ్ళాడు. ఆ కూర్చోవడం కూర్చోవడమే. ఇప్పుడు నాకూ ఒక బల్ల ఉంది, నెలకి రెండు ఆదివారాలు. కాబట్టి మీ ఉత్తరంలో నాకు అర్థం కానిదేమీ లేదు. కాస్త గట్టిగా రాసినా ఏమనుకోకండి.

మీ లెక్కే చూద్దాం. శనివారం నాలుగు గంటలు. నాలుగు రాత్రుల తయారీ ఆరు గంటలు. వారానికి పది, నెలకి నలభై. మీ ఆఫీసులో దీన్ని ఒక వారం పని అంటారు. "తాగుడు లేదు, తిరుగుళ్ళు లేవు" అనే మాట మగవాళ్ళ ఉత్తరాల్లో నాకు తరచూ కనిపిస్తుంది. ఆవిడ మీ అలవాట్ల గురించి అడగలేదండీ, మీరెక్కడున్నారని అడిగింది. ఆట మీ ఇంట్లోనే అన్నారు. మరి అంతమందికి టీ ఎవరు పెడుతున్నారు? ఆ నాలుగు గంటలూ పాపని ఏ గదిలో ఎవరు ఆడిస్తున్నారు? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ ముక్క ఎక్కడా లేదు.

కానీ నాకు పట్టుకున్న వాక్యం అది కాదు. ఆరు వారాలుగా ఆట లేదు, తయారీ మాత్రం ఆపలేదన్నారు చూడండి, అది. అంటే ముప్పై ఆరు గంటల పాటు ఎవరూ అడుగుపెట్టని సొరంగాలకి మ్యాపులు గీశారు. ఐదుగురు మనుషులతో కూర్చుంటే అది ఆట. మీరు ఒక్కరే గదిలో తలుపేసుకుని చేసేదాన్ని నేను ఆట అనను. మీ ఇంటి సమయం అక్కడ కరిగిపోతోంది. దాని రుచి నాకు తెలియక కాదు. ఆఫీసులో మన మాట చెల్లదు, ఇంట్లో పిల్ల జ్వరం మన మాట వినదు, ఆ కాగితం మీద మాత్రం నదిని ఎటు తిరగమంటే అటు తిరుగుతుంది. అందులో పడి నేను చేసిన నిర్వాకం ఒకటి చెప్తాను.

2011. నా కథలో ఒక తోడేలు మనిషి ఉండేవాడు, పున్నమి రాత్రి రూపం మారుతుంది వాడికి. అందుకని ఆ కల్పిత ప్రపంచానికి ఏడాది పొడుగునా చంద్రుడి లెక్క కట్టి నోటుబుక్కులో రాసుకున్నాను. ఏ రాత్రి ఎంత వెన్నెల, ఏ జామున చంద్రోదయం, అన్నీ. అదే నెలలో ఒక ఆదివారం మా మామగారి తద్దినం వచ్చింది. తద్దినం తిథిని బట్టి కదా, ఇంగ్లీషు తేదీకి అందదు. అత్తగారు వారం ముందే చెప్పారు. తల ఊపాను, తలలోకి మాత్రం ఎక్కలేదు. ఆ పొద్దున వంటావిడ వచ్చి మడి కట్టుకున్నాక గాని గుర్తు రాలేదు, గుర్తొచ్చిన హడావుడిలో నా వాళ్ళకి రావద్దని చెప్పడం మర్చిపోయాను. భోక్తలు కాళ్ళు కడుక్కుంటున్న వేళకి ఐదుగురూ గేటు దగ్గర ప్రత్యక్షం. ఒకడి చేతిలో చికెన్ పఫ్‌ల అట్టపెట్టె, అడుగున నూనె మరక పెద్దదవుతోంది. అత్తగారు ఒక్క మాట అనలేదు. "వాళ్ళని అటు వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు, ఎండలో వచ్చారు" అన్నారు, అంతే. మా ఆయన మాత్రం ఆ రాత్రి లైటు తీసేశాక అడిగాడు: "నీ క్యాలెండర్లో మా నాన్న లేడా?" ఉత్తుత్తి చంద్రుడి కళలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆకాశంలో ఉన్నవాడి సంగతి వదిలేశాను.

మీ ఆవిడ ఫిర్యాదు నిజానికి ఈ ఆట కంటే పాతది. గైగాక్స్ ఇంకా యుద్ధాల ఆటలు ఆడే రోజుల్లో, ఈయనకి వేరే ఆడమనిషి ఎవరైనా ఉందేమోనని అనుమానమొచ్చి, గర్భంతో ఉన్న భార్య ఒక స్నేహితుడి ఇంటి బేస్‌మెంటు దాకా వెళ్ళిందట. చూస్తే మ్యాపులు పరిచిన బల్ల, చుట్టూ మగాళ్ళు. ఆయన జీవితం గురించి రాసేవాళ్ళు దీన్ని సరదాగా చెప్తారు. నాకెందుకో నవ్వు రాదు. ఆ దంపతులు 1980ల్లో విడిపోయారు. ఆట వల్లేనని నేను అనను. కానీ ఆ మెట్లెక్కి ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడకి ఏమనిపించి ఉంటుందా అని మాత్రం చాలాసార్లు అనుకున్నాను.

గోబ్లిన్ మాట విషయం. మీ ఆవిడ సరిగ్గానే పట్టుకుంది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. బల్ల దగ్గర నేనూ భలే వింటాను. ఎవరు ఏ మూల ఏమన్నా గుర్తుంటుంది, మూడు నెలల కింద ఒకడు తన పాత్రకి తప్పిపోయిన చెల్లెలుందని చెప్తే ఈ వారం ఆమెని కథలోకి తెస్తాను, వాళ్ళు నోరెళ్ళబెడతారు. చాలాకాలం దీన్ని నా మంచితనం అనుకున్నాను. కాదు. వాళ్ళు చెప్పేది నా కథకి సరుకు కాబట్టి వింటున్నాను. ఇంట్లో చెప్పే మాటల్లో అలాంటి సరుకుండదు. గీజరు వాడికి ఫోన్ చెయ్యి, పాపకి బూస్టర్ డోసు ఎప్పుడో చూడు, మా అన్నయ్యతో నాకు మనసు బాగోలేదు. మీ నోటుబుక్కులో ఒక పేజీ ఆవిడ మాటలకి కేటాయించమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వద్దు, అది ఇంకో రకం తయారీ అయి కూర్చుంటుంది. బల్ల దగ్గర మీరు ఒక పని బాగా చేస్తారు: "ఏం చేస్తారు?" అని అడిగి నోరు మూసుకుని కూర్చుంటారు. జవాబొచ్చేదాకా పాచిక ముట్టుకోరు. ఇంట్లో "నాకు మనసు బాగోలేదు" అనగానే రెండో సెకనులో పరిష్కారం చెప్పేస్తున్నారని నా అనుమానం. తప్పయితే దిద్దండి.

ఇక ఆట మానెయ్యాలా అంటే, వద్దు. మానేసి ఇంట్లో మొహం వేలాడేసుకుని తిరిగే మనిషితో ఆవిడకి ఒరిగేదేమీ లేదు. తయారీ తగ్గించండి, ఆట ఆకారం మార్చండి.

వాయిదాల సంగతి ముందు చూద్దాం, మీ స్నేహితుల మీద మీకు లోలోపల కోపంగా ఉన్నట్టుంది. ఒక్కొక్కరూ ఐదు శనివారాల్లో నాలుగింటికి రాగలరనుకోండి. పెళ్ళాం పిల్లలున్నవాళ్ళకి అది చాలా మంచి హాజరు. ఐదుగురూ ఒకేసారి కుదిరే అవకాశం ఎంతో తెలుసా? నూటికి 33. అంటే మూడు వారాల్లో రెండు వారాలు ఆట చెడుతుంది, ఎవరి తప్పూ లేకుండానే. అదే ముగ్గురొస్తే ఆడేద్దాం అని నియమం పెట్టుకుంటే నూటికి 94. పాచికలాడే మనుషులం, ఈ లెక్క మనకి ఎవరో చెప్పాలా! అయినా నేను పదేళ్ళు ఐదుగురి కోసమే ఎదురుచూశాను.

రాని వాళ్ళ పాత్రలేమవుతాయంటారా? బెన్ రాబిన్స్ అనే డీఎం దీనికి చక్కటి దారి చూపించాడు. ఆయన నడిపిన వెస్ట్ మార్చెస్ అనే ఆటకి పదిమందికి పైగా ఆటగాళ్ళుండేవారు. ఫలానా రోజు అని లేదు, ఫలానా జట్టు అని లేదు. ఎవరికి కుదిరితే వాళ్ళు మాట్లాడుకుని, ఎటు వెళ్ళాలో కూడా వాళ్ళే తేల్చుకుని, ఆయన్ని రమ్మనేవారు. ఒక నియమం మాత్రం గట్టిది: ఆ పూట ముగిసేసరికి అందరూ ఊరికి తిరిగి వచ్చెయ్యాలి. అడవి మధ్యలో ఆట ఆగదు. మళ్ళీసారి ఎవరు రాకపోయినా పరవాలేదు, వాళ్ళు ఊళ్ళో నిద్రపోతున్నారంతే. మీరు శనివారం రాత్రి పదిన్నరకి బావి మధ్యలో ఆపి "తరువాయి వచ్చే వారం" అన్నారే, ఉత్కంఠ కోసం చేసిన ఆ పనికి ఆరు వారాలు కప్పం కట్టారు.

తయారీకి వారానికి ఒక్క గంట. పాప పడుకున్నాక కాదు, ఆఫీసులో భోజనం వేళలో. కాగితానికి ఒకవైపు మాత్రమే. ఈ పూట ఏ గొడవతో మొదలవుతుంది, అందులో ఎవరికి ఏం కావాలి, అడ్డమొచ్చేదేమిటి. అంతే. నేనొకసారి పద్నాలుగు పేజీలు రాసుకెళ్ళాను, ఒక కోట, అందులో మూడు అంతస్తులు, వంటింట్లో ఏం ఉడుకుతోందో కూడా. మా వాళ్ళు కోట వైపు కన్నెత్తి చూడలేదు. సత్రం ముందు గుర్రాలకి నీళ్ళు పెట్టేవాణ్ని "ఏం బాబూ, కోటలో సంగతులేంటి?" అని అడిగారు. వాడు నా కాగితాల్లో లేడు. గభాలున మా విజయనగరం యాస పెట్టేసి "ఏటి సెప్పమంటారు బాబూ" అన్నాను. ఇక చూడండి, గంటన్నర సేపు వాడితోనే. వాడి కూతురి పెళ్ళికి కట్నం సర్దడానికి ఒక నిధి తవ్వారు. ఆ పద్నాలుగు పేజీలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

నిజంగా ముందే రాసుకోవాల్సినవి పేర్లు. హఠాత్తుగా ఎవరి పేరైనా అడిగితే ఏ డీఎంకైనా నాలుక మడత పడుతుంది. నేను కొత్తవలస నుంచి అరకు వెళ్ళే రైలు దారిలో స్టేషన్ల పేర్లు వాడేస్తాను. నా కథలో ఒక మాంత్రికురాలి పేరు తైడ, ఒక లోభి దొర పేరు కరకవలస, వాడి గుర్రం పేరు చిమిడిపల్లి. ఎవరూ నవ్వరు, ఇంగ్లీషు ఫాంటసీ పేర్ల కంటే బరువుగా వినపడతాయి కూడా.

డీఎం కుర్చీ కూడా మీ సొంత ఆస్తి కాదు. ఆరేళ్ళుగా ఆ ఐదుగురిలో ఒక్కరూ ఆ కుర్చీలో కూర్చోలేదంటే, వాళ్ళకి చేతకాక కాదు, మీరు లేవక. రెండు నెలలకోసారి వేరేవాళ్ళ చేత ఒక్క పూటలో అయిపోయే కథ నడిపించండి. మీరు ఆటగాడిగా కూర్చుని వేరుశనక్కాయలు తినండి.

శనివారాలు నెలకి రెండే పెట్టుకోండి, ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, ఇంటికి వంతులేసుకుని. మిగతా రెండు శనివారాలు ఆవిడవి. ఎక్కడికెళ్తావు, ఎప్పుడొస్తావు, పాప డబ్బా ఎక్కడుంది అని ఫోన్ చెయ్యకూడదు. పాప డబ్బా ఎక్కడుందో మీకు తెలిసే ఉండాలి.

ఆవిణ్ని ఆటలోకి లాగొద్దు. మీ సమయం గురించి ఆవిడ ఫిర్యాదు చేస్తే, ఆవిడ సమయం కూడా ఇచ్చెయ్యమని అడగడం ఏం న్యాయం? ఎప్పుడైనా తనంతట తాను "ఏముంది అందులో" అంటే అప్పుడు చూద్దాం. పాప విషయానికి తొందర లేదు. ఆట మొదటి రాతప్రతిని ఆడి చూసింది గైగాక్స్ పిల్లలు ఎర్నీ, ఎలీజ్. మీ పాపకి చదవడం వచ్చాక తనే మీ సంచి తెరిచి ఆ రంగు రంగుల పాచికలు పట్టుకెళ్తుంది. అప్పటిదాకా అవి అందకుండా పైన పెట్టండి. నాలుగు ముఖాలది గొంతులో పడటానికి సరిపోయేంత ఉంటుంది, అరికాలికి గుచ్చుకుంటే పల్లేరుకాయే నయం.

ఇంటి పనులకి పాయింట్లన్నారు. ఆ ఆలోచన ఇక్కడే పాతిపెట్టండి. పాయింటు ఏం చేస్తుందో ఈ ఆట చరిత్రే చెప్తుంది. తొలి నిబంధనల్లో దక్కించుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు. దాంతో ఆటగాళ్ళు రాక్షసుల్ని తప్పించుకుని, పక్కదారిన పాకి, బంగారం మూటగట్టుకుని పారిపోయేవారు. తర్వాత వచ్చిన కూర్పుల్లో పాయింట్లు ప్రధానంగా పోరాటాల మీదికి మారాయి, అంతే, దారిన పోయే ప్రతిదాన్నీ నరకడం మొదలు. దేనికి పాయింటిస్తే మనిషి అదే చేస్తాడు, మిగతాది వదిలేస్తాడు. మా అబ్బాయికి ఆరేళ్ళప్పుడు పాలకూర పప్పు తింటే పది పాయింట్లన్నాను. మూడో రోజుకి కంచం ముందు కూర్చుని "బీరకాయకి ఎంతిస్తావు?" అని బేరం. అసలు చిక్కు అది కూడా కాదు. మీరు గిన్నెలు తోమి యాభై పాయింట్లు వేసుకుంటే, ఇన్నేళ్ళుగా ఆవిడ తోమినవాటికి పాత బాకీ ఎవరు కడతారు? ఆవిడ ఏ లెవెల్లో ఉందో లెక్క తేలితే మీరు తట్టుకోలేరు.

మీ అమ్మగారి జూదం మాట. పాచిక అనగానే మనవాళ్ళకి ధర్మరాజు గుర్తొస్తాడు, ఆవిడ తప్పేముంది. వాదించకండి. శివరాత్రి జాగారానికి ఆవిడా వైకుంఠపాళీ ఆడే ఉంటారు, పందెం లేని పాచిక ఆవిడకి కొత్త కాదు. ఒక శనివారం అక్కడే కూర్చోమనండి. మా అత్తగారు అలాగే ఒకరోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మా వెనక కూర్చున్నారు. ఆ పూట ఒక రాక్షసుడొచ్చాడు. మన రాక్షసుణ్ని ఈ ఆటవాళ్ళు పులి తల పెట్టి, అరచేతులు వెనక్కి తిప్పి గీశారులెండి. ఆవిడ బొమ్మ చూసి "వీడెవడు, పాపం చేతులు ఇలా ఉంటే అన్నం ఎలా తింటాడు" అన్నారు. కాసేపాగి, "కథ చెప్పుకుంటున్నారు, బాగానే ఉంది. మధ్యలో ఆ గవ్వలెందుకు?" అని అడిగారు. కథ చెప్పేవాళ్ళకి కూడా తర్వాత ఏం జరుగుతుందో తెలియకూడదని, అన్నాను గొప్పగా. "మరి ఇక నువ్వు చెప్పేదేముంది?" అన్నారు. పాతికమంది ఆటగాళ్ళని చూశాను, అంత మంచి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

ఈ శనివారానికి కొత్తగా ఏమీ రాయకండి. మీ దగ్గర ముప్పై ఆరు గంటల సరుకు ఎలాగూ ఉంది. సాయంత్రం టీ మీరే పెట్టండి, ఆరున్నరకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. ముగ్గురుంటే చాలు. పాలడిన్‌గా ఆడేవాడు ఆ రోజు రాకపోయినా సరే, పైనున్నవాళ్ళ చేత పాచిక వేయించి వాణ్ని పైకి లాగించండి. ఆరు వారాలు వేలాడాడు, చేతులు బొబ్బలెక్కి ఉంటాయి. ఆ రాత్రి ఊళ్ళో పడుకోనివ్వండి.